చిన్న సినిమాకు పది థియేటర్లు చాలా, వంద కావాల్నా? వరంగల్, కరీంనగర్ దిక్కు లెక్క చెప్పుండ్రి

ఓరుగల్లు_రీల్:
అందరికి నమస్తే. మా దోస్తుల బ్యాచ్ ఒక సినిమా తీసిన్రు, ఎడిటింగ్ నేను చేసిన. పేరు చెప్పను, ప్రచారమని మోడరేటర్ అన్న పోస్టు లేపేస్తడు. గంట యాభై నిమిషాల సినిమా. అందరు కొత్తోళ్ళే. షూటింగంత హన్మకొండ, ములుగు, నర్సంపేట దిక్కు. సెన్సార్ అయింది, యూ/ఏ 13 ప్లస్ ఇచ్చిన్రు. ఓటీటీ వాళ్ళను కలిస్తే "ముందుగాల థియేటర్ల వెయ్యిండ్రి, టాక్ చూసి మాట్లాడుకుందాం" అంటున్నరు. హైదరాబాద్‌ల ఒకాయన "నైజాం మొత్తం వంద థియేటర్లు ఇప్పిస్త, ఖర్చులు మీయే" అన్నడు. నిర్మాత మా దోస్తుకు మేనమామ, గ్రానైట్ వ్యాపారం. వంద అనంగనే ఆయన ఖుషీ. నాకేమో వరంగల్, హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, గోదావరిఖని, ఇట్ల ఓ పది స్క్రీన్లు పట్టుకుంటే చాలనిపిస్తంది. 2026 ఫిబ్రవరిల వేద్దామని ఉన్నది. ఈ లైన్ల ఉన్నోళ్ళు జర చెప్పుండ్రి.

నైజాం_లెక్కలు:
నాది హన్మకొండనే, హైదరాబాద్‌ల డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల చాన్నాళ్ళు పనిచేసిన. ఆ వంద థియేటర్ల ఆయనను ఒక్క మాట అడుగు: రెంటా, పర్సంటేజా? అది తేలకుండ పదా, వందా అని కొట్లాడుకునుడు వేస్ట్.

రెంట్ అంటే వారానికి ఇంత అని థియేటర్‌కు ముందే కట్టుడు. జనం వచ్చినా రాకున్నా వాళ్ళ పైసలు వాళ్ళకు. వసూలు రెంట్ కన్న తక్కువైతే ఆ డెఫిసిట్ మీ మామ జేబుల కెల్లి పోతది. పర్సంటేజీ అంటే వచ్చిన దాంట్ల వాటా. పెద్ద సినిమాకు మొదటి వారం రెంట్ కట్టి మిగిలిందంత డిస్ట్రిబ్యూటర్ ఊడ్చుకపోతడు, వసూళ్ళు పడినంక పర్సంటేజీకి వస్తడు. థియేటరోళ్ళ కడుపుమంట అదే. 2025 మేల "అందరికి పర్సంటేజే కావాలె, లేకుంటే జూన్ 1 నుంచి బంద్" అన్నది అందుకే. మరి చిన్న సినిమా పోతే వాళ్ళే ఉల్టా మాట్లాడ్తరు. "మీ సినిమాకు జనం వస్తరని గ్యారంటీ ఏంది, రెంట్ కట్టిపోండ్రి" అంటరు. నమ్మకం లేని చోట అడ్వాన్స్ అడుగుతరు, అంతే.

దాని మీద, థియేటర్లకు డిజిటల్‌గ సినిమా పంపే క్యూబ్, యూఎఫ్ఓ కంపెనీల చార్జీలు స్క్రీన్ లెక్కన వేరే. 2018 మార్చిల ఈ చార్జీల మీదనే నిర్మాతలు కొత్త సినిమాలు ఆపిన్రు, యాదికుంది కదా. పెద్ద సినిమాకు అది చిల్లర ఖర్చు. చిన్న సినిమాకు ఒక్కోసారి పోస్టర్ల ఖర్చు కన్న ఎక్కువైతది.

లెక్క కోసం అనుకుందాం. ఒక టౌన్ల రెంటు, డిజిటల్ చార్జీలు కలిపి వారానికి లక్ష. టికెట్ 99 అయితే జీఎస్టీ పోంగ చేతికి 94 చిల్లర. లక్ష రావాల్నంటే 1,060 టికెట్లు తెగాలె. వారానికి 28 షోలు, అంటే షోకు 38 మంది.

కేయూ_క్యాంటీన్:
38 మందేనా అన్నా? మా హాస్టల్ల ఒక్క ఫ్లోర్ వస్తే అయిపాయె.

నైజాం_లెక్కలు:
ఒక్క షోకు కాదు తమ్మీ, 28 షోలకు. సోమవారం మార్నింగ్ షోకు మీ ఫ్లోర్ లేస్తదా?

కేయూ_క్యాంటీన్:
లేవది.

నైజాం_లెక్కలు:
గదే. ఇప్పుడు దాన్ని వందతోని గుణించుండ్రి. ప్రింట్ తెరమీద పడకముందే కోటి రూపాయల పూచీ. ఆ కోటిల మీ సినిమా పేరు కూడా జనానికి తెల్వది, పబ్లిసిటీ ఖర్చు ఇంకా కలుపలే.

పరకాల_బుకింగ్:
థియేటర్ దిక్కు నుంచి నేను చెప్త. లీజుకు తీసుకొని నడిపిస్తున్న. అందరు మమ్ములనే తిడుతరు, చిన్న సినిమాలకు థియేటర్ ఇయ్యరని. సరే, ఇస్తం. గురువారం రాత్రి కేడీఎం, అంటే సినిమా ఫైలు తెరిచే డిజిటల్ తాళంచెవి, వస్తది, శుక్రవారం పొద్దుగాల బొమ్మ పడాలె. పోస్టర్ రాలే. ఫ్లెక్సీ లేదు. ఆటోకు మైకు కట్టి తిప్పినోడు లేడు. హీరో ఎవలో మా గేటు కాడి పోరగానికే తెల్వది, ఇగ ఊర్ల ఎవలకు తెలుస్తది? ఏడుగురు వస్తరు. ఏడుగురికైనా ఏసీ వెయ్యాలె, ప్రొజెక్టర్ ల్యాంపు అంతే కాలుతది, కరెంట్ బిల్లు అంతే వస్తది. షో క్యాన్సిల్ చేసి పైసలు వాపస్ ఇస్తే ఫేస్‌బుక్కుల "చిన్న సినిమాను చంపుతున్నరు" అని పెడుతరు. 2024 మేల తెలంగాణల సింగిల్ స్క్రీన్లు మాయంతట మేమే కొన్ని రోజులు మూసుకున్నం. ఎలక్షన్లు, ఐపీఎల్, సినిమాలు లేవు. తెరిస్తేనే నష్టం. అంతకన్న ఏం చెప్పాలె.

నన్నడిగితే మా అసొంటి ఊరికి నాలుగు ఆటలు ఇయ్యకుండ్రి. ఫస్ట్ షో ఒక్కటి ఇయ్యిండ్రి, ఆదివారం ఇంకొకటి. పర్సంటేజీ మీద తెండ్రి. మిగిలిన ఆటలు వేరే బొమ్మ వేసుకుంట. నాకు నష్టం లేదు, మీకు లేదు.

నక్కలగుట్ట_నుంచి:
మీరంతా థియేటర్ వైపు నుంచి మాట్లాడుతున్నారు, చూసేవాళ్ళ సంగతి కూడా వినండి. ఈ మధ్య ఒక చిన్న సినిమా బాగుందని మా ఆఫీసులో చెప్పారు. బుకింగ్ యాప్ తీస్తే హన్మకొండలో రెండే షోలు, ఉదయం 10:45, రాత్రి 10:15. పిల్లలున్న ఇల్లు, మేమిద్దరం ఉద్యోగాలు. ఏ షోకి వెళ్ళాలి? శనివారం ఫస్ట్ షో ఉంటే నలుగురం వెళ్ళేవాళ్ళం. సోమవారానికల్లా తీసేశారు. తర్వాత "జనం రాలేదు" అని రాసుకుంటారు. వచ్చే టైముకి వేస్తే కదా రావడానికి!

ఇంకో మాట. టికెట్ 99 అని పోస్టర్ మీద ఉంటుంది, యాప్‌లో బుక్ చేస్తే కన్వీనియన్స్ ఫీజు, దాని మీద మళ్ళీ జీఎస్టీ. కౌంటర్‌లో అమ్మితే అమ్మే మనిషి ఉండడు.

పరకాల_బుకింగ్:
మా కౌంటర్ల మనిషి ఉంటడు మేడం. జనమే ఉండరు.

నైజాం_లెక్కలు:
టికెట్ రేటు ముచ్చట వచ్చింది కాబట్టి ఇది కొంచెం వివరంగ చెప్పాలె, మీ మామకు పనికొస్తది.

2025 సెప్టెంబర్ 22 నుంచి వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. వంద దాటితే 18, అది మారలే. ఈ వంద అంటే పన్ను కలపకముందు రేటు. అంటే 105కు అమ్మితే మనకు మిగిలేది 100. 118కి అమ్మితే మిగిలేది కూడ అదే 100, ఆ పదమూడు రూపాయలు సర్కారుకు. కాబట్టి చిన్న సినిమా 105 దాటి పోవద్దు. పోతే జనం తగ్గుతరు, మనకు పెరిగేది ఏం లేదు.

మరి మల్టీప్లెక్సుల 99కి ఎందుకు ఇయ్యరంటరా? 2021 డిసెంబర్‌ల తెలంగాణ సర్కారు టికెట్ రేట్ల మీద ఇచ్చిన జీవో 120 చూడుండ్రి. ఏసీ సింగిల్ స్క్రీన్‌కు కనీసం 50, గరిష్ఠం 150. మల్టీప్లెక్స్‌కు కనీసం 100, గరిష్ఠం 250. అన్నిటి మీద జీఎస్టీ అదనం. మల్టీప్లెక్సుల కింది రేటు వంద, పన్నుతోని 105. మొన్న 2025 నవంబర్ 21న "రాజు వెడ్స్ రాంబాయి" సింగిల్స్‌ల 99, మల్టీప్లెక్సుల 105 పెట్టింది ఊరికెనే కాదు. పోస్టర్ మీద రేటే పెద్దగ వేసిన్రు, హీరో మొహం కన్న అదే పనిచేసింది మన దిక్కు.

గోదావరిఖని_సెకండ్‌షో:
మార్నింగ్ షోలు వేస్ట్ అంటున్నరు గని ఖనిల గట్ల కాదు. సింగరేణిల సెకండ్ షిఫ్టోళ్ళు మూడు గంటలకు డ్యూటీ ఎక్కుతరు, వాళ్ళకు పొద్దున ఆటనే దిక్కు. ఫస్ట్ షిఫ్ట్ మూడింటికి దిగుతరు, వాళ్ళు తానం చేసి తిని ఫస్ట్ షోకు వస్తరు. నైట్ షిఫ్టోళ్ళు పండుకొని లేచి మ్యాట్నీకి. మాకు అన్ని ఆటలకు గిరాకి ఉంటది, బొమ్మ మంచిగుండాలె. భూపాలపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ అంత ఇదే లెక్క. హైదరాబాద్‌ల కూసొని నైజాం అంతకు ఒకటే షో టైం పంపుతరు చూడు, గదీ తప్పు.

కాని ఫిబ్రవరి మాకు సరైన నెల కాదు. మా చేతిల పైసలాడేది దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డప్పుడు.

సిరిసిల్ల_మగ్గం:
ఇంత లెక్కలెందుకు? మన కథ మంచిగ చెప్తే జనం వాళ్ళే వస్తరు. "బలగం" చూడలేదా? 2023 మార్చి 3న వచ్చింది, మా సిరిసిల్ల దిక్కు తీసిన సినిమా. ఎవలన్న అనుకున్నరా గంత ఆడ్తదని? ఓటీటీల పడ్డంక కూడ ఊర్లల్ల సర్పంచులు తెరలు కట్టి చూపిచ్చిన్రు. అన్నదమ్ములు కలిసి ఏడిసిన్రు. దుగ్గొండి కళాకారులు ఆఖరికి పాడిన కథ ఎవ్వలు మర్చిపోతరు. గ్రానైట్ మామను ధైర్యంగ వంద వెయ్యుమనుండ్రి.

డాలస్_నుంచి:
ప్రతి చర్చలో ఈ ఉదాహరణే వస్తుంది. ఆ సినిమా కథ చిన్నది, నటులు చిన్నవాళ్ళు, బడ్జెట్ చిన్నది, ఒప్పుకుంటాను. వెనక ఉన్నది మాత్రం దిల్ రాజు బ్యానర్. నైజాంలో అంత పెద్ద డిస్ట్రిబ్యూటర్ సినిమాకి థియేటర్, షో టైం దొరకడం ఒక సమస్యేనా? దొరికిన చోట నిలబెట్టింది కథే, కాదనను. కానీ ఓరుగల్లు_రీల్ గారి మామయ్యకి ఆ చెయ్యి లేదు. ఆడినవే మనకి గుర్తుంటాయి. ప్రతి శుక్రవారం నాలుగైదు చిన్న సినిమాలు వచ్చి సోమవారానికి మాయమవుతాయి, వాటి పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం.

సిరిసిల్ల_మగ్గం:
అమెరికల కూసొని మా సినిమాకు పేర్లు పెడుతున్నవా?

డాలస్_నుంచి:
నేను పుట్టింది జనగామ. ఇక్కడ థియేటర్‌లో రెండుసార్లు చూశాను ఆ సినిమా.

మోడరేటర్:
ఊరి పేర్లతోని కొట్లాట వద్దు. టాపిక్ మీదుండ్రి.

నైజాం_లెక్కలు:
ఇద్దరిల సగం సగం నిజమున్నది. ఊర్ల తెరల సంగతి కూడ పూర్తిగ చెప్పాలె. అనుమతి లేకుండ వేస్తున్నరని అప్పుడు నిర్మాణ సంస్థ నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేసింది, గొడవైంది. మార్చి 24కే ఓటీటీకి ఇచ్చిన్రు, మూడు వారాలకే. ఊర్ల పండుగోలె చూసిన్రు గని ఆ చూసుడుతోని థియేటర్‌కు రూపాయి రాలే. చిన్న సినిమాకు ఇందుల ఒక దారి ఉన్నది, ఎవ్వలు పట్టించుకుంటలేరు. మొన్న డిసెంబర్‌ల పంచాయతీ ఎలక్షన్లు అయినయ్, కొత్త సర్పంచులు వచ్చిన్రు. థియేటర్ లేని మండలాలల్ల, థియేటర్ల వారం అయినంక, ఓటీటీకి ముందు, ఊరికి ఇంత అని మాట్లాడుకొని నిర్మాతే తెర కట్టి వెయ్యొచ్చు. సెన్సార్ సర్టిఫికెట్ చేతిల ఉన్నది, హక్కులు తనయే. స్థానికంగ పర్మిషన్ తీసుకోవాలె, అంతే. పెద్దగ రాకపోవచ్చు గని నోటిమాట పుడుతది.

ఓరుగల్లు_రీల్:
ఇది నా తలకాయల రాలే అన్నా, మంచిగున్నది. మా సినిమాల ములుగు దిక్కు ఊర్లే ఉన్నయి, వాళ్ళే యాక్ట్ చేసిన్రు కూడ. ఇంకో డౌట్. పది థియేటర్లే వేస్తే ఓటీటీ వాళ్ళు దాన్ని రిలీజ్ కింద లెక్క పెడుతరా?

నైజాం_లెక్కలు:
అది వాళ్ళతోని రాయించుకోవాలె. కొన్ని అగ్రిమెంట్లల్ల కనీసం ఇన్ని స్క్రీన్లు అని ఉంటది, కొన్నిట్ల ఉండది. నోటిమాటగ "వెయ్యిండ్రి చూద్దాం" అంటే వంద స్క్రీన్లు వేసినా "చూసినం, టాక్ రాలే" అంటరు. చిన్న సినిమాలకు ఇప్పుడు ఎక్కువ జరుగుతుంది ఏందంటే, ముందు పైసలిచ్చి కొనుడు కాదు, జనం చూసిన గంటల లెక్కన ఇచ్చుడు. అసొంటిదైతే థియేటర్ల పెట్టిన పైసలను ఓటీటీ తీసుకొస్తదని ఆశ పెట్టుకోవద్దు.

థియేటర్‌కు, ఓటీటీకి నడుమ గ్యాప్ సంగతి కూడ ముందే మాట్లాడుకోండ్రి. హిందీ సినిమాలకు పెద్ద మల్టీప్లెక్స్ చైన్లు ఎనిమిది వారాలు పట్టుబడతయి. తెలుగుల చిన్న సినిమా నాలుగు వారాలకో అంతకన్న ముందో వచ్చేస్తంది. "లిటిల్ హార్ట్స్" 2025 సెప్టెంబర్ 5న థియేటర్ల పడింది, అక్టోబర్ 1కి ఈటీవీ విన్‌ల ఉన్నది. అదే శుక్రవారం రెండు పెద్ద సినిమాలు పోటీకి వచ్చినా నిలబడ్డది. ముందురోజు వేసిన పెయిడ్ ప్రీమియర్ల టాక్ పొద్దుగాలకే పట్నమంత పాకింది.

కేయూ_క్యాంటీన్:
గ్యాప్ తక్కువుంటే మేం థియేటర్‌కు ఎందుకు పోతం అన్నా? నిజం చెప్తున్న, మా దోస్తులల్ల సగం మంది ఫోన్లనే చూస్తరు. ఐబొమ్మ నడిపేటాయన నవంబర్‌ల పోలీసులకు దొరికినంక రెండు వారాలు మావోళ్ళ మొహాలు చూడాలె మీరు.

నక్కలగుట్ట_నుంచి:
ఆ మొహాలు చూడటానికైనా టికెట్ కొంటాను.

నైజాం_లెక్కలు:
ఇగ నా సలహా, ఇష్టముంటే తీసుకోండ్రి. హన్మకొండల శ్రీదేవి మాల్ అసొంటి మల్టీప్లెక్స్ ఒకటి, వరంగల్ టౌన్ల ఒక సింగిల్, కరీంనగర్ల రెండు, మంచిర్యాల, ఖని, జగిత్యాల, నర్సంపేట, పరకాల ఒక్కోటి. హైదరాబాద్‌ల ఉప్పల్, ఎల్బీ నగర్ దిక్కు రెండు మూడు, మనోళ్ళు ఎక్కువుండే చోటు. పర్సంటేజీ మీదనే. హిందీ సినిమాలకు మల్టీప్లెక్సులతోని 2009ల కుదిరిన పద్ధతి మొదటి వారం నెట్‌ల, అంటే పన్ను పోంగ మిగిలిన దాంట్ల, 50, తర్వాత 42.5, 37.5, ఆ తర్వాత 30 శాతం. మీరు కూసున్నప్పుడు సగంతోని మాట మొదలుపెట్టుండ్రి. వెయ్యి టికెట్లు తెగితే 94 వేలల్ల మీకు 47 వేలు. మునిగేది ఉండది, లేచేది కూడ సగమే. అది మామకు ముందే చెప్పుండ్రి, తర్వాత "హిట్టయిందన్నరు, పైసలేయి" అని అడుగుతడు.

షోలు తక్కువ పెట్టి హాలు నింపుండ్రి. యాప్‌ల ఎర్రగ నిండిన రెండు షోలు కనపడితే థియేటరోడే ఫోన్ చేసి మూడోది ఇస్తడు. ఖాళీ నాలుగు షోలు కనపడితే చూద్దామనుకున్నోడు కూడ ఆగిపోతడు.

డాలస్_నుంచి:
దీనితో ఏకీభవిస్తాను, ఒక్క అభ్యంతరం. పది స్క్రీన్లతో మొదలుపెట్టి రెండో వారం పెంచుదామంటే రెండో శుక్రవారం స్క్రీన్లు ఎక్కడుంటాయి? అప్పటికి వేరే సినిమా బుక్ అయి ఉంటుంది. అమెరికాలో కూడా ఇదే బాధ, వీకెండ్ అయ్యాక షోలు తీసేస్తారు. మెల్లగా పెరగడానికి థియేటర్ ఓపిక పట్టాలి, ఆ ఓపిక ఎవరికీ లేదు.

పరకాల_బుకింగ్:
ఓపిక ఉంటది సార్, వెనక పెద్ద సినిమా లేకుంటే. అందుకే తారీఖు చూసుకోవాలె. జనవరిల సంక్రాంతి బొమ్మలు ఉంటయి, నేనే ఇయ్య. 28 నుంచి 31 దాక మేడారం జాతర. ఆ నాలుగు దినాలు మా దిక్కు థియేటర్ తెరుసుడు దండుగ, బస్సులన్నీ అటే, మా ఆపరేటర్ కూడ అటే. జాతర నుంచి వచ్చినోళ్ళ జేబుల కూడ ఏం మిగులది, మేకలు కోళ్ళు ఊకెనే వస్తయా. ఫిబ్రవరి ఆఖరుకు ఇంటర్ పరీక్షలు. మీకు ఉన్నయి రెండే శుక్రవారాలు, 6, 13.

ఓరుగల్లు_రీల్:
మావోళ్ళు 13 అంటున్నరు, తెల్లారి వాలెంటైన్స్ డే అని.

నైజాం_లెక్కలు:
అదే ఆలోచన పెద్దోళ్ళకు కూడ వస్తది కదా. 13న ఎవలో ఒకలు కర్చీఫ్ వేస్తరు.

పరకాల_బుకింగ్:
6నే రాండ్రి. ఎందుకంటే 15న ఆదివారం శివరాత్రి. జాగారం రాత్రి మా దిక్కు థియేటర్లు నిండుతయి, పర్మిషన్ దొరికితే తెల్లార్లు వేస్తం. పాత హీరోల బొమ్మలు వేసేది రివాజు. మీది వారం ఆడి మంచిగుందని టాక్ వస్తే, ఆ రాత్రి ఒక ఆట మీది వేస్త. వేములవాడ దిక్కు థియేటర్ ఎవలన్న తెలిస్తే అక్కడ కూడ అడుగుండ్రి, శివరాత్రి జాతర జనం ఉంటరు.

నక్కలగుట్ట_నుంచి:
జాగారం రోజు మేం వేయి స్తంభాల గుడి దగ్గరే ఉంటాం, సినిమాకి రాం. మా తమ్ముడి బ్యాచ్ మాత్రం తప్పకుండా వస్తుంది. 7వ తేదీ శనివారం ఫస్ట్ షో పెట్టించండి, మా నాలుగు టికెట్లు రాసుకోండి.

గోదావరిఖని_సెకండ్‌షో:
ఖనిల పొద్దున ఆట మర్చిపోకుండ్రి.

ఓరుగల్లు_రీల్:
రాత్రి మామతోని కూసున్న. వంద థియేటర్లాయన అది రెంట్ మీదనే అని ఒప్పుకున్నడట. ఈ 1,060 టికెట్ల లెక్క చూపెట్టిన, కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "సరే పది వెయ్యిండ్రి, కని హన్మకొండ చౌరస్తల పెద్ద హోర్డింగ్ మాత్రం నా ఫొటోతోని ఉండాలె" అన్నడు. ఒప్పుకున్నం. 6 ఫిక్స్ చేస్తున్నం. ప్రీమియర్ 5న సాయంత్రం హన్మకొండల.

కేయూ_క్యాంటీన్:
టికెట్ 99యే కదా అన్నా?

ఓరుగల్లు_రీల్:
సింగిల్‌ల 99, మాల్ల 105. కౌంటర్ల కొనుండ్రి.

పరకాల_బుకింగ్:
తమ్మీ, ట్రైలర్ సంక్రాంతి లోపల పంపు. పండుగ బొమ్మకు హాలు నిండి ఉంటది, ఇంటర్వెల్ల వేస్త, పైసలు ఏం వద్దు. పోస్టర్లు మాత్రం ఈసారి వారం ముందు రావాలె. నంబర్ మెసేజ్ పెట్టిన చూడు.